పేరు లేని గూనివాడు

పొద్దెక్కి పదకొండవుతున్నా కో న్యుంట్ తిండి మొహం చూడలేదు. మధ్యాహ్నానికి వారపత్రిక అచ్చుకెక్కాలి. సీరియల్ ఆఖరి భాగం ఇంకా సగమైనా కూర్చలేదు. ఇరవై ఏళ్లుగా సీసపు అక్షరాలు కూర్చిన చేతులు ఇవాళ మొరాయించాయి. ఎదురుగా ఉన్న కాగితంలో, ఐరావతి ఒడ్డున, గూనివాడి శవం తేలింది.

ఆ గూను తనదే. గోడ పట్టుకుని నడిచే నడకా తనదే. రచయిత ఊ తిన్ ఔంగ్ ఏడాదిపాటు ప్రెస్సులో కూర్చుని, కిళ్ళీలు పంచి, అవన్నీ పట్టుకుపోయాడు. కో న్యుంట్ కోపాన్ని మాత్రం వదిలేశాడు. కథలో గూనివాడు ఎవరేమన్నా నవ్వుతాడు. తాను పస్తుండి పక్కవాడికి పెడతాడు. చివరికి ఓ పడుచుజంటకు అడ్డు కాకూడదని నదిలోకి నడిచిపోతాడు. కో న్యుంట్ అయితే కూలి తగ్గితే ప్రెస్సు పైకప్పు లేచేలా అరిచే మనిషి.

ఎదురు వీధిలో చేపల పులుసు, సేమ్యా అమ్మే మ ట్వే కూడా అతనితో సరిసమానంగా కయ్యమాడేది. వర్షాకాలపు వ్రతాలు ముగిసేదాకా ఎవరూ పెళ్లి మాటెత్తరు గనక అతను ఆమెను అడగకుండా ఆగాడు. ఈలోగా సీరియల్ మొదలైంది. ఆమె తిట్టడం మానేసి, ఊరికే ఓ వడ వేసి కళ్ళు ఒత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ జాలికి అతని ఒళ్ళు జలదరించేది.

ఇవాళ తెల్లవారగానే ఆమె అడిగింది.

"పోయిన వారం పత్రికలో గూనాయన నీళ్ళలో దిగి ఇవాళ్టికి ఏడో రోజు కదా. వీధి ఆడాళ్ళమంతా భిక్షువులకి భోజనం పెడుతున్నాం. పుణ్యం ధారపోయాలంటే పేరు చెప్పాలి. కథలో ఆయనకి పేరే లేదాయె. నీ పేరు చెప్పనా?"

"నేనింకా చావలేదు, మ ట్వే!"

"అయ్యో, కోప్పడతావేంటి? ఆయనైతే నవ్వేసేవాడు."

ఇప్పుడు ప్రూఫు కోసం రచయిత వచ్చాడు.

"సయా, ఈ గూనివాడికో పేరు పెట్టండి," అన్నాడు కో న్యుంట్, గురువుని పిలిచినట్టు.

"పేరు లేకపోతేనేనయ్యా గుండె కరిగేది. నీమీద ప్రేమతోనే రాశాను."

"ప్రేమైతే ఒక్కమాట నన్నడిగేవారు. పేరు రాసిచ్చేదాకా అక్షరం ముట్టను."

"ఉద్యోగం పోతుంది, చూసుకో."

"పోనీండి. ప్రాణం ఎలాగూ తీశారుగా."

బయట కంచుగంట మోగింది. మూడుసార్లు మోగే ఆ గంట విన్నప్పుడల్లా అందరూ ఆమోదంగా 'సాధు' అనాలి. ఎవరి కోసం ధారపోశారో ఆ చనిపోయినవాడు కూడా అనాలి, అప్పుడే పుణ్యం అందుతుంది. మ ట్వే ఏడుపు గొంతుతో కో న్యుంట్ పేరు పలికింది. రచయిత అలవాటుగా చేతులు జోడించి, "సాధు," అన్నాడు.

కో న్యుంట్ తన నోటి దాకా వచ్చిన ఆ మాటనే పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

గంట రెండోసారి మోగింది. ఇంకోసారి కూడా మోగుతుంది.