బిరాగో అరచేతికి కట్టిన చెయ్యి

బంతామా వీధిలో కొనాదు కంప్యూటర్ ముందు కూర్చుందంటే ఎవరిదో ఒకరి పని చెడేది. కొలతలు తీసి మనిషి బొమ్మ చేశాక, తెర మీద ఆ బొమ్మ చెయ్యి లాగితే ఊళ్ళో ఆ మనిషి చెయ్యీ లేచేది.

"కొనాదూ, చెయ్యి వదులు! ఫుఫుకి దుంపలు దంచుతున్నా, రోకలి జారుతోంది!" అని పక్కింటి పిన్ని కేకేసేది.

"ఒక్క నిమిషం పిన్నీ!"

అంతే. అందులో ఎవరికీ వింత లేదు.

వానాకాలంలో కుడిచెయ్యి పడిపోయిన అఫ్రకోమా అవ్వ అందుకే వచ్చింది. యాభై ఏళ్ళు అదోవా నాట్యం నేర్పిన మనిషి. శనివారం రాజమాత అంత్యక్రియల్లో ఆటవరసకి ముందు నిలబడి, కుడిచెయ్యి ఎడమ అరచేతిలో పెట్టి పెద్దల అనుమతి అడగాలి. ఎడమచెయ్యి ఎత్తితే తిట్టినట్టే. కుడిది లేవలేదా, ఆ చోటు తోటి ఆటగత్తె బిరాగోది. ముప్పై ఏళ్ళ కిందట నలుగురిలో "నీ మోచెయ్యి వంకర" అన్న బిరాగోది! ఆ రోజునుంచి అవ్వ ఆమె పేరు పెట్టి పిలిస్తే ఒట్టు.

"ముందు భుజం తిప్పు. తర్వాత మోచెయ్యి. మణికట్టు ఆఖర్న," అంది అవ్వ.

కొనాదు అలాగే తిప్పింది. భుజం లేస్తే మోచెయ్యి జారింది. మోచెయ్యి సరిచేస్తే మణికట్టు వేలాడింది. పొద్దుణ్ణుంచి ఇది నాలుగోసారి.

"ఇలా కుదరదవ్వా. ఎముకల్ని గొలుసులా కలిపి, చేతిని పట్టి లాగితే మిగతావి వాటంతటవే వస్తాయి."

"పిల్లలాంటి చెయ్యి ముందు, తల్లిలాంటి భుజం వెనకానా?"

"పిల్ల లారీకి అడ్డం పరిగెడితే తల్లి ఆగుతుందా?"

అవ్వకి ఇంకా మండింది. కూర్చుంది, లేచింది, గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"చెయ్యి ఎక్కడికి వెళ్ళాలో చెప్పు. గురిని దేనికో ఒకదానికి కట్టాలి," అంది కొనాదు.

"నన్ను వంకరన్నది ఎక్కడుంటే అక్కడికే! దాని మొహం ముందే లేవాలి!"

బిరాగో బొమ్మ కూడా ఆ తెరమీదే ఉంది. కొనాదు గురిని తీసుకెళ్ళి బిరాగో కుడి అరచేతికి కట్టేసింది. "శనివారం డప్పు మోగగానే నడిపిస్తా," అంది.

శనివారం డప్పు మోగింది. అవ్వ చెయ్యి లేచింది. వెంట మోచెయ్యి, దాని వెంట భుజం. జనం హోరుమన్నారు. కానీ చెయ్యి ఎడమ అరచేతిలోకి రాలేదు. అటు చివర ఆడవాళ్ళలో నిలబడ్డ బిరాగో వైపు చాచుకుపోయింది. బిరాగో పక్కకి జరిగితే చెయ్యీ జరిగింది.

"ఏంటే, నన్ను పిలుస్తున్నావా?" అంది బిరాగో.

"చచ్చినా పిలవను."

"అయితే వెళ్తున్నా."

ఆమె వెనుతిరగ్గానే చెయ్యి గుంజింది. అవ్వ ఓ అడుగు తూలింది. డప్పులవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెద్దల్లో ఒకాయన దగ్గాడు.

"బిరాగో," అంది అవ్వ, నోట్లో రాయి పెట్టుకున్నట్టు. "ఇలా రా. నీ చెయ్యి నా ఎడంచేతిలో పెట్టు."

బిరాగో వచ్చింది, కుడి అరచెయ్యి పెట్టింది. అవ్వ కుడిచెయ్యి వచ్చి దాని మీద వాలింది.

పెద్దలు తలూపారు. ఆ చేతులు ఊడిరావు గనక వరస ముందు ఇద్దరూ కదిలారు.

"చిన్నగా నడవ్వే, మోకాళ్ళ నొప్పి," అంది బిరాగో.

ఎవరికోసమూ తాళం తప్పని అవ్వ, అడుగు చిన్నది చేసింది.