స్పీకరులో వచ్చే కొడుకు

వియత్నాం యుద్ధం నుంచి గిబోమ్ రాసే ఉత్తరాలు ముందు ఊరందరికీ, ఆ తర్వాతే తల్లికి అందేవి. ఒక్చన్ ఊరి నుంచి కోడలిగా వచ్చి అందరి నోటా ఒక్చనమ్మగా స్థిరపడిన ఆ విధవరాలికి చదువు రాదు. ఊరిపెద్ద ప్యో సంగిల్‌కి చదువుతో పాటు మైకు కూడా ఉంది. ఇంటింటి వసారాలో ఒక స్పీకరు పెట్టె బిగించి, సంఘం గదిలో కూర్చుని ఎరువుల కబుర్లూ ఎలుకల మందు కబుర్లూ చెప్పేవాడు. ఉత్తరం వచ్చిందంటే ఇక ఆయనకి పండగే. గొంతు సవరించుకుని, మైకులో ఒకసారి ఊది, మన ఊరి సింహం ఏమంటున్నాడంటే, అని మొదలుపెట్టేవాడు.

ఒక్చనమ్మకి ఒళ్ళు మండేది. కోడి మెడ కోయమంటే పెరటి దారిన పారిపోయే పిల్లాడు సింహం ఎప్పుడయ్యాడు? శత్రువుల గుండెల్లో నిద్రపోతున్నాను, ముందుగా ఊరిపెద్దగారికి నమస్కారాలు అని వాడు రాస్తాడా? అవన్నీ సంగిల్ నోట్లోంచి ఊడిపడ్డ మాటలేనని ఆమెకు తెలుసు. కానీ కొడుకు బతికున్నాడన్న కబురు తెచ్చే నోరు అదొక్కటే. జవాబులూ ఆయనే రాసేవాడు. ఒంట్లో ఎలా ఉందిరా, తిన్నావా అని ఆమె రెండు ముక్కలు చెబితే ఆయన కలం పేజీ చివరిదాకా పరుగెత్తేది. ఇంతేం రాస్తున్నారని అడిగితే, నీ మనసులో ఉన్నదే అనేవాడు. వేసవిలో అధికారులు వచ్చి ఆమె గుమ్మానికి వీరమాత పలక కొట్టి ఫొటో దిగారు. అందులో ముందు నిలబడింది సంగిలే. వెనక ఆమె కొప్పు మాత్రం కనబడింది.

అనుమానం పొయ్యి దగ్గర పుట్టింది. ఒక పేజీ ఉత్తరమైతే సంగిల్ చదువు బార్లీ అన్నం పొంగి, ఇమిరి, దించేదాకా సాగేది. ఫిబ్రవరిలో వచ్చింది మాత్రం ఎసరు మరిగేలోపే అయిపోయింది. చదివాక ఆయన ఆమె చేతిలో పడేసిన కాగితాలు చూసుకుంటే నాలుగున్నాయి.

సంతరోజు ఆ నాలుగు కాగితాలూ రవికలో పెట్టుకుని పట్నంలో నూడుల్స్ అంగడి సున్రే దగ్గరికి వెళ్ళింది. సున్రేకి చదువు వచ్చు, నోరు అంతకన్నా బాగా వచ్చు. చేతులు తుడుచుకుని చదువుతూ, సగంలో ఆగిపోయింది.

"అక్కా, ఏడాది నిండింది, మార్చి ఓడకి వచ్చెయ్యనా, ఉండిపోనా అని వాడు పోయిన ఉత్తరంలో అడిగాడట. నువ్వేమో ఇంకో ఏడాది ఉండి దేశానికి సేవ చెయ్యమన్నావట."

"నేనా?"

"నువ్వే. నువ్వింత గట్టిదానివని తెలియక పిరికిగా రాశాను, సిగ్గేసింది అంటున్నాడు. ఎడమ చెవి వినబడటం లేదట. అయినా అమ్మ మాటే మాటట. ఇంకో ఏడాది ఉండటానికి నెలాఖరుకి పేరు ఇస్తాడట."

ఒక్చనమ్మ సంగిల్‌ని వాళ్ళ తాతముత్తాతలతో కలిపి తిట్టింది. పక్క బల్ల దగ్గర పశువుల బేరగాళ్ళు తినడం ఆపి విన్నారు.

"రాయవే," అంది చివరికి. "నేను ఉండమనలేదని రాయి. గట్టిదాన్నీ కాదు, రోజూ ఏడుస్తున్నానని రాయి. ఓడెక్కి వచ్చెయ్యమను. దేశానికి సంగిల్ ఉన్నాడుగా, ఆయన్ని పంపుదాం."

సున్రే ఆ చివరి మాటతో సహా రాసింది. ఒక్చనమ్మ ఉత్తరం డబ్బాలో వేసి, లోపల పడిందో లేదోనని డబ్బాని రెండు దెబ్బలు కొట్టి చూసింది. ఇక సంగిల్ ఎదురైతే వంగి నమస్కారం పెట్టేది. కూయి నాయనా, ఇంకెన్నాళ్ళు కూస్తావో చూస్తాను, అని లోలోపల నవ్వుకునేది. కొడుకు పరుపు తీసి ఎండలో వేసింది.

మార్చి సగంలో స్పీకరు గరగరమంది, సంగిల్ కొత్త ఉత్తరం అందుకున్నాడు.

"అమ్మా, నీ పేరుతో ఒక దొంగ ఉత్తరం వచ్చింది. ఏడుస్తున్నానని, వచ్చెయ్యమని. చూడగానే పట్టేశాను. ఊరిపెద్దగారి దస్తూరీ నాకు తెలియదా? నీ ఉత్తరమంటే ఆ అక్షరాలే కదా. సార్జెంటుకి చూపిస్తే, శత్రువులు ఇలాంటివే పంపుతారని చించి పారేశాడు. మా అమ్మ అలా ఏడ్చే మనిషి కాదని అందరితో చెప్పాను. పేరు ఇచ్చేశాను."

సంగిల్ గొంతు ఆనందంతో వణికింది. ఊరి పరువు తీయబోయిన ఆ దొంగని పట్టి తీరతానని మైకులోనే శపథం చేశాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి ఒక్చనమ్మ చేతులు పట్టుకుని, ఎంత అదృష్టం చేసుకున్నావమ్మా అన్నారు.

ఆమె చేతులు విడిపించుకుంది. ఇదీ ఆయన కల్పనే, నోరు తెరిస్తే అబద్ధమే కదా అనుకుంటూ వెళ్ళి సంగిల్ చేతిలోంచి ఉత్తరం లాక్కుంది. సంతరోజు దాకా ఆగకుండా పట్నానికి నడిచింది. దారి పొడవునా ఆయన్ని తిట్టింది. తిట్టినంతసేపూ ధైర్యంగా ఉంది.

స్పీకరులో విన్నదంతా పొల్లుపోకుండా సున్రేకి ఒప్పజెప్పింది. సున్రే ఉత్తరం ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఎక్కడెక్కడ మార్చాడు?" అని అడిగింది ఒక్చనమ్మ.

"ఎక్కడా మార్చలేదక్కా," అంది సున్రే. "ఈసారి ఉన్నదున్నట్టే చదివాడు."