పదిహేడో నంబరు బిళ్ళ

టక్... టక్... టక్.

ఇనుము మీద ఇనుము. మూడు దెబ్బలు. తరువాత కాసేపు ఏమీ ఉండదు — ఎవరో చెవి ఒగ్గి, జవాబు కోసం ఆగినట్టు.

మళ్ళీ మూడు.

కాగితం మిల్లులో రెండో తొట్టి తొమ్మిది రోజులుగా ఖాళీ. గుజ్జు లేదు, నీళ్ళు లేవు, మనిషి లేడు. మూత తీసే ఉంది. లోపలి నుంచి తడిసిన కాగితం వాసన వస్తూ ఉంటుంది. దాని వెనకే ఇంకేదో కుళ్ళు వాసన.

చప్పుడు కూడా వస్తుంది.

"గొట్టాలు చల్లారుతున్నాయి, అంతే," అంటాడు ఫిట్టరు. అంటాడు గానీ అటువైపు అడుగు వెయ్యడు.

చిన్నోడికి ఆ చప్పుడు తెలుసు. ముప్పై ఏళ్ళ మనిషిని మిల్లంతా చిన్నోడనే పిలుస్తుంది, అన్న అలా పిలిచాడు కాబట్టి. తొట్టి గోడను రెంచీతో మూడుసార్లు కొట్టడం అన్న అలవాటు. ఒరేయ్, ఎక్కడున్నావురా — అని దాని అర్థం. లోపలున్నవాడు తిరిగి మూడు కొట్టాలి.

చిన్నోడు కొట్టడు. చేతులు చంకల్లో దాచుకుని నిలబడతాడు.

తొట్టి నోటి పక్కన ఒక చెక్క. చెక్కకు ఒక మేకు. మేకుకు ఇత్తడి బిళ్ళ. పదిహేడో నంబరు. అది చిన్నోడిది.

తొట్టి కడిగేవాళ్ళ పద్ధతి ఒకటే. దిగే ముందు నీ బిళ్ళ తగిలించు. పైకొచ్చాక నువ్వే తీసుకో. బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. అది ఉన్నంతసేపు మూత వెయ్యరు, గుజ్జు వదలరు. ఒకరి బిళ్ళ మరొకరు ముట్టరు — మేనేజరైనా సరే.

తొమ్మిది రోజులుగా ఆ బిళ్ళ అక్కడే ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో మిల్లంతటికీ తెలుసు. తమ్ముడు లోపల ఉన్నాడు. విషవాయువు పుట్టింది. అన్న తన బిళ్ళయినా తగిలించకుండా దిగి, తమ్ముణ్ణి పైకి నెట్టి, తాను ఉండిపోయాడు.

సమాధి దగ్గర పాస్టరు గారు కూడా అదే చెప్పారు. మనం పడాల్సిన గోతిలోకి ప్రభువు తానే దిగాడు. మన చావు తాను చచ్చాడు, మనం బతకాలని. ఈ అన్న చేసిందీ అదే కదా...

వదిన తల ఊపింది. ఏడుస్తూనే ఊపింది. మునిగిపోయేవాడు గట్టు పట్టుకున్నట్టు ఆ మాటను పట్టుకుంది.

అందరికీ తెలిసింది అదే.

అది నిజం కాదు.

చిన్నోడు లోపల లేడు.

బిళ్ళ తగిలించి టీకి పోయాడు. ముందుగా తగిలించినవాడికి నిచ్చెన పక్క పని దొరుకుతుంది, లోపలి మూలల్లో పాకే బాధ తప్పుతుంది. అందుకని బిళ్ళ వేసి చోటు పట్టుకోవడం, పోయి గ్లాసుడు టీ తాగి రావడం. ఎప్పుడో ఒకప్పుడు అందరూ చేసిందే. "నీ ఒంట్లో పారేది రక్తం కాదురా, టీ!" అని అన్న ఏడిపించేవాడు.

ఆ వేళ వెనక గేటు దగ్గర ఇంకెవరూ లేరు. టీ పోసే ముసలాయనకు చూపు ఆనదు. గ్లాసు సగం కూడా కాలేదు... తొట్టి వైపు నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

అన్నకు అన్నిటికీ తొందరే, అనుకున్నాడు చిన్నోడు. ఇంకో గుక్క తాగాడు.

ఆ గుక్క ఇప్పటికీ గొంతు దిగలేదు.

తరువాత కేకలు. తరువాత పరుగు. నిచ్చెన సగం దిగి సొమ్మసిల్లాడు. ఆ సగంలోంచి జనం అతన్ని పైకి లాగారు. కళ్ళు తెరిచేసరికి కథ తయారై ఉంది. అతను కాదనలేదు.

తాను దిగిన గోతిలో ఎవరున్నారో ప్రభువుకు తెలుసు. తొట్టిలో ఎవరూ లేరని అన్నకు తెలియదు. అన్న ఎవరూ లేని చోట వెతుకుతూ చచ్చిపోయాడు. ఇంకా వెతుకుతూనే ఉన్నాడు — బిళ్ళ ఉంది కదా మరి, తమ్ముడు దొరకందే ఎలా వస్తాడు?

ఖాళీ తొట్టిలో ఒక చావు. అది దేనికి? ఆ ప్రశ్న చిన్నోణ్ణి కన్ను మూయనివ్వదు.

బిళ్ళ తీస్తే చప్పుడు ఆగుతుందేమో. ఆగితే అన్న నిజంగా పోయినట్టే. తీయకపోతే...

ఈ రోజు తీయక తప్పదు. తనిఖీ వాళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మూడింటికి గుజ్జు వదలాలి. పొద్దుటి నుంచి మేస్త్రి బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. చిన్నోడు బిళ్ళ ముట్టలేదు. చివరికి మేస్త్రి వదినకు కబురు పెట్టాడు.

వదిన వచ్చింది. ఎందుకో చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, తడి నేల మీద వట్టి కాళ్ళతో నడిచి వచ్చింది.

"తీసెయ్యి చిన్నోడా," అంది మెల్లగా. "నిన్ను బతికించడానికే కదా ఆయన పోయింది. నువ్విలా అయిపోతే ఆయన పోయినదానికి అర్థమేముంది?"

టక్... టక్... టక్.

ఆమె చటుక్కున తల తిప్పింది. ఆమెకూ వినిపించింది.

ఇక దాచడం అతని వల్ల కాలేదు.

"వదినా... నేను లోపల లేను."

ఆమె అతని వైపు తిరిగింది.

"బిళ్ళ వేసి టీకి పోయాను. అన్న నన్ను పైకి నెట్టలేదు. అన్నకి నేను దొరకలేదు. దొరకడానికి అసలు లేనే లేను వదినా."

ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గోడ పట్టుకుంది. మేస్త్రి తల దించుకున్నాడు.

"తొమ్మిది రోజులు," అంది. "తొమ్మిది రోజులు నా చేతి అన్నం తిన్నావు."

చెంప చెళ్ళుమంది. అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఇంకో దెబ్బ కోసం చూశాడు. అది రాలేదు.

"నువ్వు లోపల లేవని ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"మరి ఎవరి కోసం దిగాడు?"

పసిపిల్లలైనా చెప్పే జవాబు. ఇన్ని రోజులూ చిన్నోడు టీ గురించి ఆలోచించాడు, బిళ్ళ గురించి, అబద్ధం గురించి ఆలోచించాడు. ఈ ఒక్క మాట దగ్గరికి మాత్రం పోలేదు. పోతే దాన్ని మోయాలి.

"నా కోసం," అన్నాడు.

అని, కూలబడి ఏడ్చాడు. సిగ్గు విడిచి, మేస్త్రి ముందే ఏడ్చాడు. ఆ తరువాత లేచి బిళ్ళ తీశాడు. ఇత్తడి వెచ్చగా ఉంది — ఇంతసేపూ ఎవరి గుప్పిట్లోనో ఉన్నట్టు.

చప్పుడు ఆగలేదు.

టక్... టక్... టక్.

లోపల ఉన్నవాడికి పైనున్న మేకు ఎలా కనిపిస్తుంది?

వదిన తొట్టి అంచున మోకరించింది. చీకట్లోకి వంగింది. వంటయ్యాక భోజనానికి పిలిచే గొంతుతో పిలిచింది.

"ఏమండీ... చిన్నోడు దొరికాడు. ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే. ఇంక వెతక్కండి. పైకి రండి."

చప్పుడు ఆగిపోయింది.

చిన్నోడి చెయ్యి వదిన కొంగును వెతుక్కుని పట్టుకుంది.

అప్పుడు, ఎంతో కింద — నిచ్చెన మొదటి మెట్టు మూలిగింది, మనిషి బరువు పడ్డట్టు.

తరువాత... రెండోది.