సన్న తీగ

"ఈ మూడు రోజులూ నోరు మెదపకు రూతూ, నా మందు పేలిపోతుంది," అన్నాడు జ్ఞానప్రకాశం. అన్నది పక్కవీధికి వినబడేంత గట్టిగా. మందేమో పేలలేదు.

రాజమహేంద్రవరం మిషను బళ్ళో సైన్సు చెప్పే రూతు మొగుడు అయోడిన్, అమ్మోనియా కలిపి నల్లటి ముద్ద చేసి, ఫిడేలు తీగలకి రవ్వంత రవ్వంత పూసి ఆరబెట్టాడు. ఆరాక ఒట్టి శబ్దంతోనే దాన్ని పేల్చి, శనివారం పాదిరిగారికీ తోటి పంతుళ్ళకీ చూపిస్తాడట. సీసాలు కడిగింది రూతు. ఆ ఘాటుకి కళ్ళు మండింది రూతుకి. వేళ్ళకంటిన మరక చూసి ఆ చేత్తో వడ్డించకన్నారు, ఆ మాట పడింది కూడా రూతే. ఆ ఇంట్లో ఆమెకి మాట పడటమే గాని మాటాడటం లేదు. కోడలి గొంతుకి పాలే విరుగుతాయి, మందో లెక్కా అంది అత్తగారు సంపూర్ణమ్మ. ప్రయోగం చెడితే ఆదివారం గుడిలో పాడటం కూడా మాన్పిస్తానన్నాడు మొగుడు. వారానికోసారి ఆ గొంతుకి ఊపిరాడేది అక్కడొక్కచోటే.

శుక్రవారం దుమ్ము దులుపుతుంటే చీరకొంగు తగిలి లావు తీగ మోగింది. ఏమీ కాలేదు. తర్వాత సన్న తీగ మోగింది. టప్పున పేలి ఊదారంగు పొగ లేచింది. మిగిలిన తడిముద్ద మళ్ళీ రవ్వంత పూసి, చెబుదామని పరుగెత్తితే మొగుడు పెదవులమీద వేలుంచి చూపించాడు.

శనివారం వసారా నిండింది. జ్ఞానప్రకాశం లావు తీగ మీద కమాను లాగాడు. బలం కొద్దీ లాగాడు. చెమట పట్టింది గాని మందు పట్టించుకోలేదు.

"మా ఆవిడ ఎప్పుడో నోరు జారుంటుందండి, చెడిపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు.

రూతు మజ్జిగ గ్లాసుల పళ్ళెం కింద పెట్టింది. "కాస్త తప్పుకోండి," అని సన్న తీగ మీద కమాను లాగింది. టప్పు. పంతుళ్ళు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు.

"శబ్దం గట్టిగా ఉండటం కాదండి," అంది అందరివైపూ తిరిగి. "సన్న స్వరానికి అదుర్లెక్కువని ఈయనే ఈ వసారాలో పిల్లలకి చెబుతారు. ఆ వడికే మందు తట్టుకోలేదు. నా మాటకి పేలేదైతే, మూడురోజులుగా ఈయన కేకలకే పేలాల్సింది. నిన్ననే చెప్పబోయాను, చెప్పనివ్వలేదు."

ఇది ఎవరు కనిపెట్టారని పాదిరిగారు అడిగారు. జ్ఞానప్రకాశం గొంతు సవరించుకుని, "మా ఇంట్లో..." అన్నాడు.

"నేనండి," అంది రూతు. "రేపు గుడిలో పై స్వరం పాడేదీ నేనే."