ఉరుకుందమ్మ పాట

పెద్దక్క చేత ఆ పాట పాడించింది ఆమె కడుపున పుట్టిన శివజ్యోతే. ఊళ్లో ఎవరూ ఆ మాట ఎత్తిపొడవలేదు. తల్లి కూడా ఒక్కనాడూ అనలేదు. అనకపోవడమే ఆ పిల్లను లోపల్లోపల తినేసింది.

2004 ఎండాకాలంలో జరిగింది. కోడుమూరులో శెనక్కాయల వ్యాపారం చేసే రామసుబ్బయ్య మనవరాలు పద్మప్రియ హైదరాబాదు నుంచి వచ్చింది. అప్పటికి ఆమె పాటల క్యాసెట్టు ఒకటి వచ్చింది, టీవీలో రెండు మూడుసార్లు కనబడింది. పల్లెపాటలు వినాలని ఉందంటే, అంగట్లో మూటలు మోసే చిన్న ఈరన్న, "మా ఇంటిది పాడ్తాదిమ్మా" అన్నాడు. మరునాడు పొద్దున్నే ఆమె టేపురికార్డరు పట్టుకొని, మూడు మైళ్ల దూరంలో ఉన్న వాళ్ల పల్లెకు వచ్చేసింది.

ఈరన్న కూతురు శివజ్యోతి అప్పటికి పంతొమ్మిదేళ్లది. కోడుమూరు బస్టాండు పక్కన బొజ్జన్న టైలరు దగ్గర జాకెట్లు కుట్టేది. టీవీలో చూసిన మనిషి తమ అరుగు మీద కూర్చుని తమ చెంబుతో నీళ్లు తాగుతుంటే దాని కాళ్లు నేల మీద నిలవలేదు.

ఈరన్న పెండ్లాం పెద్దక్క కలుపుపాటలు పాడింది, పెండ్లిపాటలు పాడింది. పద్మప్రియ అన్నిటికీ తలూపి, "నువ్వు సొంతంగా కట్టిన పాట ఏదైనా ఉందా పెద్దమ్మా?" అని అడిగింది.

"యాడిదిమ్మా, కూలికి పొయ్యేదాన్ని."

శివజ్యోతి ఆగలేకపోయింది. "అక్క పాట పాడుమా" అంది.

పెద్దక్క కూతురి వైపు చూసింది. ఉరుకుందమ్మ ఆమె పెద్దకూతురు. రెండేళ్ల కింద శెనక్కాయ చేనులో కలుపు తీస్తుంటే పాము కరిచింది. బస్సు లేని వేళ. నలుగురు మొగోళ్లు నులకమంచం మీద మోసుకొని కోడుమూరు దోవ పట్టారు. కోడుమూరింకా అల్లంత దూరం ఉండగానే ప్రాణం పోతే మంచం దించేశారు. ఆ తర్వాత ఎప్పుడో పెద్దక్క నోట ఆ పాట పుట్టింది. చేలో ఒంటరిగా ఉన్నప్పుడు తప్ప పాడేది కాదు. ఆ పొద్దు మాత్రం, చిన్నకూతురు అడిగిందని, కండ్లు మూసుకొని ఎత్తుకుంది.

"లెయ్యే నా తల్లి లెయ్యే, పొద్దు నడినెత్తికొచ్చె,
సద్దిమూట సల్లారె, సాలంతా నిన్నడిగె.
నలుగురు మోసేటి మంచాన మా రాణి,
నావైపు సూడకనే పోతివే..."

పద్మప్రియకు కండ్లనీళ్లు కారాయి. ఆమె తుడుచుకోలేదు. పాట అయిపోయాక శివజ్యోతి పాము సంగతి, మంచం సంగతి చెబితే విని, పెద్దక్క చెయ్యి పట్టుకొని, "దీన్ని నేను పాడొచ్చా?" అంది.

పెద్దక్క కొంగుతో మొగం తుడుచుకుంది. శివజ్యోతే అంది. "పాడుకోనీమా. అక్క పేరు నిల్చిపోతాది."

"పాడుకో తల్లీ" అంది పెద్దక్క.

మరుసటేడు ఉగాది దాటినాక ఒక మధ్యాన్నం బొజ్జన్న అంగట్లో టీవీలో కొత్త పాట వచ్చింది. డప్పులు, ఈలలు. బొజ్జన్న లేచి సౌండు పెంచాడు. శివజ్యోతి మిషను తొక్కుతూనే ఉంది. మాటలు చెవిన పడ్డాక తొక్కడం ఆపింది.

లెయ్యే లెయ్యే అంటూ పది మంది ఎగురుతున్నారు. నల్లద్దాలు పెట్టుకొని పద్మప్రియ నులకమంచం మీద పడుకొనుంది. ఒకడు కడవెడు నీళ్లు ఆమె మొగాన కుమ్మరించాడు. నలుగురు పడుచోళ్లు మంచం భుజాలకెత్తుకొని చిందులేస్తూ ఊరేగించారు. మంచం మీద ఆమె నవ్వుతూ ముద్దులు విసిరింది.

"శానా బాగుండాది గదా?" అన్నాడు బొజ్జన్న.

శివజ్యోతి తలూపింది. సూది వేలిలో దిగిన సంగతి దానికి తర్వాత తెలిసింది.

అమ్మకు తెలియకుండా ఉంటే చాలనుకుంది. ఎట్ల ఉంటుంది? వారం తిరిగేసరికి ఆటోల్లో అదే, కర్నూలు బస్సుల్లో అదే. ఊరోళ్లకు సంతోషం. "మా పెద్దక్క పాటప్పా అది" అని పొరుగూరోళ్లతో చెప్పుకున్నారు. ఊళ్లో మహానంది అనే రైతు కొడుకు పెండ్లి మెరవణిలో ఆ పాట పెట్టి, టీవీలో చూసినట్లే నలుగురు మంచమెత్తి ఎగిరారు. వాళ్లలో ఇద్దరు ఉరుకుందమ్మను మోసినోళ్లే. వాళ్ల మనసులో చెడ్డ లేదు. ఎగిరే కాళ్లకు జ్ఞాపకం ఉండదు.

పెద్దక్క చూసింది. నిమ్మళంగా ఇంటికొచ్చి కూర్చుంది.

"ఆ పాప నా పాట సరింగా ఇనలేదేమో" అంది కూతురితో. "కండ్లనీళ్లు పెట్టుకున్నాది గదా. మరి యాల అట్ల సేసినాది?"

ఆ నెలలోనే కర్నూలులో ఒక చీరల అంగడి తెరవడానికి పద్మప్రియ వస్తోందని తెలిసి శివజ్యోతి బస్సెక్కింది. రామసుబ్బయ్య పేరు చెబితే అంగడి వెనక గదిలోకి పోనిచ్చారు. పద్మప్రియ గుర్తుపట్టింది. లేచి దగ్గరికి తీసుకుంది.

"అమ్మ ఎట్లుంది?"

"ఆ పాట ఆపించక్కా" అంది శివజ్యోతి. "అది సచ్చిపోయిన మా అక్క మింద కట్టినాది. నీకు తెల్సు గదా."

పద్మప్రియ తలుపు దగ్గరికి వేసింది. "మీ అమ్మ పాడినట్లే పాడాను. నెమ్మదిగా, డప్పు లేకుండా. కంపెనీవాళ్లు ఏడుపు ఎవడు కొంటాడన్నారు. మంచం సంగతి చెప్పాను. పల్లకీ లాగా బాగుంటుందన్నారు. వద్దంటే ఇంకొకరితో పాడిస్తామన్నారు. నేను ఒప్పుకున్నాను, జ్యోతీ. ఇప్పుడది వాళ్లది. ఆపడం నా చేతిలో లేదు."

బయట జనం ఆ పాటే కావాలని ఈలలేస్తున్నారు. ఎవరో వచ్చి పిలిచారు. పద్మప్రియ ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చి, మొగం అద్దంలో చూసుకొని పోయింది. గుమ్మంలో నిలబడి శివజ్యోతి ఆ పాట మొత్తం విన్నది. చివర్లో కిందికి చూస్తే, తన కాలే తాళమేస్తోంది.

పెద్దల అమాసనాడు పెద్దక్క కూతురి ఫోటో ముందు బోనం పెట్టి, దీపం ముట్టించి, పాట ఎత్తుకుంది. నాలుగు మాటలకే ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. మాటలు తనవే, గొంతూ తనదే, రాగం మాత్రం టీవీది. మూడోసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు పాడు" అంది శివజ్యోతితో. "మొదట ఎట్లుండె? నీకు గుర్తుండాది గదా."

శివజ్యోతి కండ్లు మూసుకొని వెదికింది. డప్పులే వినబడినాయి.

మరునాడు ఎస్టీడీ బూతు నుంచి పద్మప్రియకు ఫోన్ చేసింది. ఆ రోజు అరుగు మీద పట్టిన టేపు ఒక్కటి ఇప్పించమని బతిమాలింది. వెతికిస్తానని, పదిరోజులకు చెయ్యమని ఆమె అంది. పదిరోజులకు చేస్తే ఆమె గొంతు సన్నగా వచ్చింది. "కంపెనీకి ఇచ్చాను. దాని మీదే వేరేవాళ్ల పాటలు పట్టేశారంట. నన్ను క్షమించమని అమ్మకు చెప్పు."

శివజ్యోతి ఇంటికొచ్చేసరికి తల్లి పొయ్యి ముందర ఉంది. తలెత్తి ఆశగా చూసింది.

"లేదంటమా."

పెద్దక్క పొయ్యిలో పుల్ల లోపలికి నెట్టింది. "నేనే మర్సిపోతి. ఒకరిని యాల అనల్ల?" అంది.

మరుసటేడు కలుపుల్లో ఆడోళ్లు ఆ పాటే పాడారు. పెద్దక్కను చూసి మొదట్లో ఆపేవాళ్లు, పోనుపోను ఆపలేదు. ఆమె ఏ పాటకూ గొంతు కలపలేదు. పెండ్లిపాటలకు పిలిస్తే ఒంట్లో బాగలేదని చెప్పేది. రెండేండ్లకు పిలవడం మానేశారు.