రేవు సర్దిన రోజు

మూట బరువుకి మెడ విరిగిపోతోంది. తడి దుప్పట్లు మరి, మోసేవాళ్లకే తెలుస్తుంది. వదిన చెరువు గేటు ముందు మూట దింపి, తాళం తియ్యమంది.

కాపలావాడు పరాయివాడేం కాదు, సొంత మరిది. నిరుడు దాకా ఈ రేవులోనే, ఆమె పక్క బండ మీదే బట్టలు బాదినవాడు. ఇప్పుడు టోపీ పెట్టుకుని, ఆమె మొహంలోకి చూడలేక, ఉతికేవాళ్లని లోపలికి రానిస్తే తన ఉద్యోగం ఊడుతుందని గొణిగాడు. కాసేపట్లో పెద్ద ఆఫీసరు కొత్త పార్కు చూడటానికి వస్తున్నాడట.

ఉతకటానికి కాదు, ఆరేసుకోవటానికే వచ్చానంది వదిన. ఉతుకుడు ఎప్పుడో ఇంటిముందు సందులోకి మారింది. డ్రమ్ము నీళ్లు కొనటానికే సగం కూలి పోతోంది. అగ్గిపెట్టంత ఇల్లు, అందులో దుప్పటి ఎక్కడ ఆరేస్తుంది? సాయంత్రానికి పొడి దుప్పట్లు అందకపోతే పని మెషీన్లో ఉతికేవాళ్లకి ఇచ్చేస్తామని లాడ్జీ వాళ్లు పొద్దున్నే తేల్చి చెప్పారు. ఆమెకి ఉన్నది ఇప్పుడు ఆ ఒక్క పనే.

ఇంతకీ ఇదంతా ఎవరి నిర్వాకం? తనదే. అదే ఆమెని లోలోపల తినేస్తోంది. నిరుడు చెరువు చూడటానికి ఆఫీసు పెద్దవాళ్లు వస్తున్నారని తెలిసి, రేవులో అందరికీ వదిన కాబట్టి, అందరినీ తనే అదిలించింది. దండేలు విప్పించింది. బండలు తోమించింది. ఆ పూట ఒక్క మూట కూడా రేవుకి రాకూడదంది. ఇంటికి చుట్టాలొస్తే మాసిన గుడ్డలు ఎదురుగా పెట్టుకుంటామా? అందరూ ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డారు. వచ్చినవాళ్లు గట్టంతా తిరిగి, ఈ చోటు ఎవరూ వాడటం లేదని రాసుకుపోయారు.

తరవాత పార్కు కోసమని గట్టు చుట్టూ కంచె వచ్చింది. ఆఫీసుకి వెళ్లి మొత్తుకుంటే, మేమొచ్చినప్పుడు ఒక్క గుడ్డ కూడా లేదే అన్నారు. ఏం చెబుతుంది? చుట్టాలొస్తున్నారని దాచాం అంటే నవ్వరూ? వెనక్కి తిరిగి వచ్చేసింది.

గేటు తెరుచుకోలేదు. ఎండ మాత్రం జారిపోతోంది. వదిన మూట విప్పి, ఓ దుప్పటి దులిపి, రోడ్డు వైపునుంచే ఇనప కంచె మీద పరిచింది. పక్కనే ఇంకోటి. మరిది గేటు వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. తీసెయ్యవే. ఆఫీసరు కంట్లో పడతాయి."

"పడనీరా. ఆ రోజు కనపడకుండా దాచింది నేనేగా."

ఆమె మూడో దుప్పటి అందుకుంది. మరిది పరిగెత్తుకొచ్చి దాని రెండో కొస పట్టుకున్నాడు. రోడ్డు మలుపులో కారు హారను మోగింది. దుప్పటిని ఆమె వదల్లేదు. అతను లాగనూ లేదు, వదలనూ లేదు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఇలాగే చెరో కొసా పట్టుకుని పిండినవాళ్లు. మధ్యలోంచి నీళ్లు కారి, అతని కొత్త బూట్లు తడుస్తున్నాయి.