తట్టకుండా వచ్చేవాళ్ళు

మొగుడు సియోన్‌ను మట్టిచేసి ఇంటికి రాగానే ఫోర్తునే చేసిన మొదటి పని, వీధి తలుపు బార్లా తెరిచి, అది మూసుకుపోకుండా సందులో ఆయన పాత బూటు ఒకటి దూర్చడం.

చావు జరిగిన ఇంటి తలుపు ఏడు రోజులూ మూయకూడదు. వచ్చేవాళ్ళు తట్టకూడదు. తడితే ఏడ్చే మనిషి లేచి రావాలి, ముఖం తుడుచుకోవాలి, "రండి, కూర్చోండి" అనాలి. ఆ కష్టం ఎందుకు పెట్టాలి? అందుకే మన యూదులెవరూ తట్టరు. తిన్నగా లోపలికొచ్చి, నేలమీద కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు నోరు విప్పేదాకా ఊరుకుంటారు. ట్యునీసియాలో, స్ఫాక్స్‌లో ఉన్నప్పుడూ అంతే. పారిస్ శివారులో ఈ నాలుగో అంతస్తుకి వచ్చి ఇన్నేళ్ళయినా అంతే.

సియోన్‌కి ఈ విషయంలో మహా పట్టింపు. యూదుల ఇళ్ళలో ఎక్కడ చావు జరిగినా ముందుగా వెళ్ళి తలుపు తీసిపెట్టేది ఆయనే. గడ్డకట్టే చలిలో కూడా ఊరుకునేవాడు కాదు. "చలేస్తే కోట్లు తొడుక్కోండి, తలుపు జోలికెళ్ళకండి" అని దబాయించేవాడు. ముసలాయనకి చాదస్తమని వెనక నవ్వుకునేవాళ్ళు, ముందు మాత్రం కోట్లు తొడుక్కునేవాళ్ళు. ఆసుపత్రిలో మాట పడిపోయేముందు పెళ్ళాం చెయ్యి పట్టుకుని అడిగిందీ అదే.

"నా తలుపు ముయ్యనివ్వకు ఫోర్తునే. ఎవరేం చెప్పినా సరే."

రోజులు అలా ఉన్నాయి కాబట్టే అడిగాడు. ప్రార్థన మందిరం అద్దాలు పగిలాయి. వేయించినవి మళ్ళీ పగిలాయి. కింద పోస్టు డబ్బాల్లో మనవాళ్ళ పేర్లున్నవాటిమీద మాత్రమే ఎవరో రంగు కొట్టారు. గుమ్మానికి బయట ఉండాల్సిన దేవుడి వాక్యం డబ్బీని ఒక్కొక్కరే పీకి లోపలి గోడకి కొట్టుకున్నారు, దేవుడు సర్దుకుంటాడులే అని. మూడో అంతస్తు వాళ్ళు సామాను సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటున్నారు. ముసలివాళ్ళని మందిరానికి కార్లలో దింపుతున్నారు, రొట్టె తెచ్చుకోవడానికి కూడా జంటలుగా వెళ్తున్నారు.

సియోన్ పోయాడని తెలియగానే వంటల బాధ్యత ఆడవాళ్ళు పంచుకున్నారు, మూతి విరుపులతో సహా.

"రెయినా పంపిన చిక్కుడుపప్పులో ఉప్పు చూశావా? సముద్రం తెచ్చి పోసినట్టుంది," అంది నెస్సిమా.

"నువ్వు ఉడకబెట్టిన గుడ్ల కంటే నయమేలే. గోడకేసి కొడితే గోడ పగిలేలా ఉన్నాయి," అంది రెయినా. ఫోర్తునేకి కూడా పెదవి కదిలింది. సియోన్ తమ్ముడు గాస్తోన్ ఇంకో మనిషిని తీసుకుని మెట్ల దగ్గర కాపలాకి కుర్చీలు వేసుకున్నాడు. భవనం మేనేజరు వచ్చి, మెట్ల దగ్గర గుంపు కడితే మిగతావాళ్ళకి ఇబ్బందని లేపేశాడు. పోస్టు డబ్బాలమీద రంగు కొట్టినప్పుడు మాత్రం ఆ పెద్దమనిషికి ఏ ఇబ్బందీ కనపడలేదు.

మూడోనాడు మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు తట్టకుండా లోపలికొచ్చారు. శుభ్రమైన బట్టలు, నున్నగా దువ్విన తలలు. తట్టకుండా వచ్చారు కాబట్టి ఎవరి కొడుకులో అనుకుంది ఫోర్తునే. పక్కకి జరిగి చాపమీద చోటిచ్చింది. ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. రెండోవాడు వంగి మెత్తగా అడిగాడు.

"ఎవరు పోయారండీ?"

"మా ఆయన, నాయనా."

"ఓహో. అయితే ఒకడు తగ్గాడన్నమాట."

అంతే. చావింటి ఆచారం ప్రకారం గుడ్డలు కప్పిన అద్దాలవైపు ఒకసారి ఫోను తిప్పి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయారు. మెట్లమీద నవ్వులు వినిపించాయి. ఫోర్తునేకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళన్న మాట కంటే తను జరిగి చోటివ్వడమే ఆమెని ఎక్కువ కాల్చింది. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగింది.

"ఇంక చాలు వదినా, తలుపేసేద్దాం," అన్నాడు గాస్తోన్.

"మీ అన్నకి మాటిచ్చాను."

"అన్నయ్య ఉంటే ఆయనే వేసేవాడు."

"నీకు తెలుసు, వేసేవాడు కాదు. అబద్ధాలాడకు."

గాస్తోన్ మెత్తని మనిషి. ఆమె ఎదురుగా నేలమీద కూలబడి తల పట్టుకున్నాడు. "మరేం చెయ్యమంటావు? నెస్సిమా వాళ్ళాయన రానివ్వనంటున్నాడు. రెయినా కోడలు కడుపుతో ఉంది, ఆ పిల్ల గుమ్మం దాటడం లేదు. తలుపు తీసుంటే మనవాళ్ళే రారు వదినా. నీ పక్కన కూర్చోవాలని అందరికీ ఉంది, భయంతో చస్తున్నారు."

మనవాళ్ళు రావడానికే కదా తలుపు తీసిపెట్టేది! ఇప్పుడు మూస్తేగాని వాళ్ళు రారట. ఫోర్తునే కూతురి ముఖం చూసింది. కొలెత్ రెండు చేతులూ జోడించింది. బూటు తీసి ఇవతల పెట్టింది ఫోర్తునేనే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ రాత్రే ఎవరో తలుపుమీద నల్లరంగు కుమ్మరించి పోయారు. బయటికి చూసే కన్నం కూడా మూసుకుపోయింది. దాంతో గాస్తోన్ ఒక కట్టుబాటు పెట్టాడు. వచ్చేవాళ్ళు కిందనుంచి ఫోను చెయ్యాలి, కొలెత్ తలుపు తీస్తుంది. ఎవరైనా తలుపు తట్టారంటే మనవాళ్ళు కారన్నమాట. కదలకూడదు, మెదలకూడదు.

ఐదోనాడు సాయంత్రం గది నిండా ఆడవాళ్ళున్నారు. తలుపు మూశాక నిజంగానే అందరూ వచ్చారు. నెస్సిమా గుడ్డు ఒలిచి ఫోర్తునే చేతిలో పెడుతూ ఏదో అనబోయింది. అప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది.

రెయినా కోడలు రెండు చేతులతో పొట్ట కప్పుకుంది. మళ్ళీ తట్టారు, ఈసారి గట్టిగా. ఫోర్తునే లేచింది. వెనకనుంచి కొలెత్ గౌను పట్టుకు లాగినా ఆగకుండా, వట్టి కాళ్ళతో చప్పుడు కాకుండా తలుపు దాకా వెళ్ళింది.

"ఫోర్తునే! నేనేనే, ఖమీసాని."

ఖమీసాదీ స్ఫాక్సే, వాళ్ళు ముస్లిములు. ఇక్కడ ఎదురింట్లోనే ఇరవై ఏళ్ళకి పైగా కాపురముంది. పండగ వస్తే ఈ గిన్నె ఆ ఇంట్లో, ఆ గిన్నె ఈ ఇంట్లో తేలేవి. ఎవరి ప్రార్థన వాళ్ళదైనా తిట్లు మాత్రం ఇద్దరివీ ఒకటే. మొగుడు పోయాక రైలు పట్టాల అవతల కొడుకింటికి మారిపోయింది. కబురు ఆలస్యంగా అందుంటుంది. కట్టుబాటు సంగతి ఆమెకేం తెలుసు? మూసిన తలుపు కనపడితే తట్టింది.

ఫోర్తునే చెయ్యి గడియమీదికి వెళ్ళింది.

"అమ్మా, వద్దు," కొలెత్ వెనకనుంచి గొంతు దాటని మాటతో అంది. "ఒక్కతే వచ్చిందో, వెనక ఎవరైనా ఉన్నారో. అమ్మా, లోపల ఇంతమంది ఉన్నారు."

ఖమీసా వెనక ఎవరుంటారు! ఛీ, ఏం మాట! అనుకుంది ఫోర్తునే. అనుకుంటూనే ఉంది, చెయ్యి మాత్రం కదలలేదు. చాపమీద చోటిచ్చిన క్షణం కళ్ళముందు కదిలింది. ఖమీసా గొంతు విని కూడా భయపడే రోజు తనకి వచ్చిందా అని ప్రాణం చివుక్కుమంది.

బయట బరువుగా కూలబడిన చప్పుడు. లోపలుంటే ఎలా కూర్చునేదో గుమ్మం అవతలా అలాగే నేలమీద కూర్చుంది ఖమీసా. కాసేపు ముక్కు చీదింది.

"మహానుభావుడే మీ ఆయన. మా ఆయన పోయిన రోజు మీ ఇంట్లో కుర్చీలన్నీ మోసుకొచ్చి వేశాడు. నన్నొక్క మాట అడగలేదు, ఊరికే వేసి వెళ్ళాడు." గొంతు తలుపుకి బాగా దగ్గరగా వచ్చింది. "ఇక్కడే నిలబడ్డావు కదూ? నీ ఊపిరి నాకు తెలీదటే?"

ఫోర్తునే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ వీడియో నేనూ చూశాను. నా ఇంట్లో, నేను వడ్డించిన బల్ల దగ్గర కూర్చుని, నా మనవడే, నా రక్తమే, అది చూసి నవ్వాడు. చెంప పగలగొట్టాను. ఏం లాభం? నవ్వు ఆగలేదు. తీయకే పిల్లా. నేనొచ్చినా తీయకు. నా వెనకాల ఎవరొస్తున్నారో నాకే తెలీడం లేదు. తాళం వేసుకో."

సియోన్ పోయినప్పటినుంచి ఫోర్తునే గట్టిగా ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది, తలుపుకి నుదురు ఆనించి, గదిలో అందరూ చూస్తుండగా. ఇవతల ఆమె, అవతల ఆమె. మాట తీసుకున్నవాడు మట్టిలో ఉన్నాడు. తీసినా ఖమీసా లోపలికి రాదనీ, తీయమని అడగడానికి రాలేదనీ ఫోర్తునేకి అర్థమైంది. అవతల కదలిక లేదు. ఖమీసా ఎదురుచూస్తోంది.

ఫోర్తునే కళ్ళు తుడుచుకుని, గడియకి తోడు కింది తాళం కూడా తిప్పింది, బయటికి వినపడేలా. అది విన్నాకే ఖమీసా లేచి మెట్లు దిగింది.